వైటల్ సింథ్: క్లారినెట్‌ను చేత్తో గీసి పలికించే ప్లగిన్

జానపద పాటలకు ట్రాకులు చేసేవాళ్లం ఇప్పుడు హన్మకొండలో వాడకు ఒకరం ఉన్నాం. కరీంనగర్, జమ్మికుంట, హుజూరాబాద్ కూడా కలుపుకుంటే చెప్పనక్కర్లేదు. అందరి పాటల్లోనూ అదే సన్నాయి, అదే ఫ్లూటు, అదే డప్పు లూపు. కీబోర్డులో ఎవరో ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన ఆ సన్నాయి పెండ్లి పాటకూ, బతుకమ్మ పాటకూ, మేడారం పాటకూ ఒకే తీరుగా పలుకుతుంది. మెల్లగా నొక్కితే శబ్దం తగ్గుతుంది గానీ గుణం మారదు. నిజం సన్నాయి అట్లా ఉండదు. మెల్లగా ఊదితే దాని రంగే వేరు.

వైటల్ అనే సింథ్ ప్లగిన్ (పాటల సాఫ్ట్‌వేర్‌కు తగిలించి శబ్దం పుట్టించుకునే ప్రోగ్రాం) గురించి రాయాలనుకున్నది ఇందుకే. ఇది కొత్తదేం కాదు, 2020 నవంబర్‌లో వచ్చింది. చేసినాయన పేరు మ్యాట్ టైటెల్. అంతకుముందు హెల్మ్ అనే ఉచిత సింథ్ చేసింది కూడా ఆయనే. వైటల్‌లో ఉచితంగా ఇచ్చే బేసిక్ వెర్షన్‌కూ, 25 డాలర్ల ప్లస్‌కూ, 80 డాలర్ల ప్రోకూ ఇంజన్ ఒక్కటే. డబ్బు కడితే వచ్చేవి అదనపు ప్రీసెట్లు (ముందే చేసి పెట్టిన సౌండ్లు), అదనపు వేవ్‌టేబుళ్లు (వరుసగా పేర్చిన తరంగాల ఆకారాలు). సౌండు పుట్టించే భాగంలో ఏదీ దాచిపెట్టలేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. సోర్స్ కోడ్ కూడా బయట పెట్టారు.

తెరవగానే కనిపించే ప్రీసెట్లు ఎక్కువగా డ్యాన్స్ మ్యూజిక్ కోసం చేసినవి. గరగరలాడే బేసులు, ఆకాశంలో తేలే ప్యాడ్లు. యూట్యూబులో దీని మీద ఉన్న వీడియోలు కూడా చాలావరకు వాటి చుట్టే తిరుగుతాయి. మన పనికి అందులో దొరికేది తక్కువ. ప్రీసెట్లన్నీ వదిలేసి ఖాళీ ప్యాచ్ తెరిచి, ఆసిలేటర్ (తరంగాన్ని పుట్టించే భాగం) మీద ఉన్న పెన్సిల్ గుర్తు నొక్కండి. నా దృష్టిలో వైటల్ అంటే ఆ లోపల తెరుచుకునే ఎడిటరే.

అందులో పైన తరంగం ఆకారం కనిపిస్తుంది. కింద నిలువు కడ్డీలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కో కడ్డీ ఒక్కో హార్మోనిక్. మొదటి కడ్డీ మీరు నొక్కిన స్వరం, రెండోది దానికి రెండింతలు, మూడోది మూడింతలు. 220 హెర్ట్జ్ స్వరం పట్టుకుంటే 220, 440, 660, 880 అట్లా పోతుంది. మౌసుతో ఏ కడ్డీనైనా పెంచొచ్చు, తగ్గించొచ్చు, మొత్తం తీసేయొచ్చు. తీసిన క్షణమే చెవికి తేడా తెలుస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఫోరియర్ సిరీస్ చదివి, మార్కులు తెచ్చుకుని, అది ఎందుకు చదివామో తెలియకుండా బయటికి వచ్చినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. వాళ్లు ఈ ఎడిటర్‌తో ఒక సాయంత్రం కూర్చోవాలి. ఫోరియర్ తన పుస్తకాన్ని 1822లో అచ్చు వేసింది వేడి ఎట్లా ప్రసరిస్తుందో చెప్పడానికి. ఆ లెక్క ఇప్పుడు మన పెండ్లి పాటల్లో పని చేస్తున్నది.

సాటూత్ (రంపపు పళ్ల లాంటి తరంగం) ఎంచుకుంటే కడ్డీలన్నీ ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగం, మూడోది మూడో వంతు, పదోది పదో వంతు. స్క్వేర్ ఎంచుకుంటే సరి సంఖ్యలవి మాయమై 1, 3, 5, 7 మాత్రమే మిగులుతాయి. వాటి ఎత్తులు మళ్లీ అదే లెక్క: మూడో వంతు, అయిదో వంతు. ట్రయాంగిల్‌లో కూడా బేసివే గానీ చాలా తొందరగా పడిపోతాయి. మూడోది తొమ్మిదో వంతు, అయిదోది ఇరవై అయిదో వంతు. అందుకే ట్రయాంగిల్ మెత్తగా, దాదాపు పిల్లనగ్రోవిలా ఉంటుంది. సైన్‌కు ఒక్కటే కడ్డీ. స్క్వేర్ బదులు సన్నటి పల్స్ (పై భాగం ఇరుకైన స్క్వేర్) పెడితే ఇంకో తమాషా. పల్స్ వెడల్పు మూడో వంతు ఉంటే 3, 6, 9 పోతాయి, నాలుగో వంతు ఉంటే 4, 8, 12 పోతాయి. వెడల్పు కొద్దికొద్దిగా మారుస్తుంటే ఏ కడ్డీ ఎప్పుడు మునుగుతుందో, దానితో పాటు గొంతు ఎప్పుడు ముక్కులోకి జారుతుందో వింటూ పోవచ్చు.

ఇక క్లారినెట్ సంగతి. మా బాపు పరకాల దిక్కు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఇప్పుడు పండ్లు సహకరించక మానేశాడు గానీ చెవి మాత్రం అట్లనే ఉంది. క్లారినెట్ గొట్టం చాలావరకు ఒకే వెడల్పుతో పోతుంది, రీడ్ ఉన్న వైపు మూసినట్టే లెక్క. అట్లాంటి గొట్టంలో కింది స్థాయిలో బేసి హార్మోనిక్స్ బలంగా పలుకుతాయి, సరివి బలహీనపడతాయి. రిజిస్టర్ కీ నొక్కితే స్వరం ఆక్టేవ్ పైకి కాకుండా ఆక్టేవ్ దాటి పంచమం మీదికి, అంటే మూడో హార్మోనిక్ మీదికి ఎగరడానికి కారణం కూడా ఇదే. కాబట్టి స్క్వేర్ తరంగం క్లారినెట్‌కు దగ్గర అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది.

స్క్వేర్‌ను ఉన్నదున్నట్టు వినిపిస్తే బాపు మొఖం అదోలా పెట్టి, "గిదేం క్లారినెట్టురా, లారీ హారన్ లెక్కున్నది" అన్నాడు. నిజమే. అసలు వాద్యంలో సరి హార్మోనిక్స్ బలహీనంగా ఉంటాయి తప్ప సున్నా కావు. పైకి పోయే కొద్దీ అవి బేసివాటికి దగ్గరవుతాయి కూడా. ఎడిటర్‌లో 2, 4 కడ్డీలను కనీకనిపించకుండా లేపాను. 6 నుంచి పైన సరివాటికి ఇంకొంచెం బలం ఇచ్చాను. 9 దాటాక బేసివాటిని స్క్వేర్ లెక్క కంటే బాగా కిందికి దించాను. అప్పుడు చెక్క వాసన వచ్చింది. "క్లారినెట్టే గని, ఊదెటోనికి దమ్ము లేదు బిడ్డా" అన్నాడు.

దమ్ము అంటే శబ్దం పెంచడం కాదు. గట్టిగా ఊదినప్పుడు పై హార్మోనిక్స్ కింది వాటికంటే ఎక్కువ వేగంగా పెరుగుతాయి. మెల్లగా ఊదితే దాదాపు మొదటి ఒకటి రెండు కడ్డీలే మిగులుతాయి. వైటల్‌లో దీనికి దారి ఉంది. ఒక కీఫ్రేమ్‌లో (వేవ్‌టేబుల్‌లో మనం గుర్తు పెట్టుకునే ఒక చోటు) మెల్లగా ఊదిన ఆకారం, ఇంకో కీఫ్రేమ్‌లో గట్టిగా ఊదిన ఆకారం గీసుకుంటే మధ్యలో ఉన్న ఫ్రేములను అదే కలుపుకుంటుంది. తర్వాత మాడ్ వీల్‌ను (కీబోర్డు పక్కన ఉండే చిన్న చక్రం) వేవ్‌టేబుల్ పొజిషన్‌కు లాగి తగిలించాలి. లాగడం అంటే నిజంగానే మౌసుతో పట్టుకుని ఆ నాబ్ మీద వదలడం, అంతే. వీల్ పైకి తోస్తుంటే గొంతు తెరుచుకుంటూ వస్తుంది. శాంపిల్ సౌండులో, అంటే రికార్డు చేసి పెట్టిన సౌండులో, నాకు ఎప్పుడూ దొరకనిది ఇదే. దీని మీద మూడు ఆసిలేటర్లకు తోడు ఉండే శాంపిల్ భాగంలో కొంచెం గాలి చప్పుడు పెట్టి, స్వరం మొదట్లో మాత్రమే వినపడేట్టు చిన్న ఎన్వెలప్ (శబ్దం ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గాలో చెప్పే గీత) ఇస్తే సరిపోతుంది. బాపు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ హారన్ అనడం మానేశాడు.

సన్నాయి దీనికి భిన్నం. దాని గొట్టం పై నుంచి కింది దాకా విచ్చుకుంటూ పోతుంది. అందుకని సరి, బేసి అన్నీ పలుకుతాయి. సాటూత్‌తో మొదలుపెట్టాలి, కానీ సాటూత్ లెక్కన మొదటి కడ్డీ అన్నిటికంటే ఎత్తుగా ఉంచకూడదు. రెండు రెల్లు పుల్లల వాద్యాల్లో మొదటి హార్మోనిక్ కంటే పైవి గట్టిగా ఉండటం మామూలే. మొదటిదాన్ని సగానికి దించి, 3 నుంచి 6 దాకా లేపి చూడండి. కావాలంటే మొదటి కడ్డీని పూర్తిగా తీసేయండి. స్వరం మారదు! 2, 3, 4 కలిసి వినపడితే చాలు, లేని మొదటిదాన్ని చెవి తనే నింపుకుంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాద్యంలో బలం ఉండే ఫ్రీక్వెన్సీ ప్రాంతం స్వరం మారినా పెద్దగా కదలదు. కడ్డీలు మాత్రం స్వరంతో పాటే కదులుతాయి. కాబట్టి గీసిన సన్నాయి ఒక అయిదారు స్వరాల్లో బాగుండి, పైకి పోతే కీచుమంటుంది. దానికి విరుగుడు కడ్డీల్లో లేదు, ఫిల్టర్‌లో ఉంది. కీబోర్డును అనుసరించకుండా ఒకచోట నిలబెట్టిన ఫిల్టర్‌తో ఆ ప్రాంతాన్ని లేపాలి. వైటల్‌లో రెండు ఫిల్టర్లు ఉన్నాయి, ఫార్మంట్ రకం (గొంతు అచ్చుల్లా పలికించేది) కూడా ఉంది. నేను పూర్తిగా అచ్చు సన్నాయి తెప్పించాననను. పాటలో కోరస్ వెనకాల కూర్చోబెడితే ఎవరూ అడగని స్థాయికి వచ్చింది.

ఇట్లాంటి పనికి సిద్ధంగా దొరికే సరుకు గురించి ఒక మాట. మన జానపద వాద్యాల ప్రీసెట్లు అని ఆన్‌లైన్‌లో ఒకరు అమ్మే ప్యాక్ కొన్నాను. పేరెందుకు గానీ, అందులో సన్నాయి అని ఉన్నదాన్ని తెరిచి ఎడిటర్‌లో చూస్తే ఎవరూ ముట్టుకోని మామూలు సాటూత్! మీద ఫిల్టర్, దాని మీద గుడి మండపమంత రివర్బ్ (ప్రతిధ్వని). డబ్బు పెట్టే ముందు డెమో వినడం ఒక్కటే కాదు, రివర్బ్ లేకుండా ఎట్లా ఉంటుందో కూడా అడగండి.

మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ వినపడే ఫిర్యాదు వేరే ఉంది. "అన్నా, డీజే బాక్సులల్ల మస్తుగుంది గని ఫోన్ల బేసే వినపడ్తలేదు." పాట వినేది ఫోన్లోనే మరి. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్ పలకడం జరగని పని. కానీ పైన సన్నాయి దగ్గర చెప్పుకున్న సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. 50 వినపడకపోయినా 100, 150, 200, 250 వినపడితే చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. సైన్ బేసును సాఫ్ట్ క్లిప్ (తరంగం కొసలను మెల్లగా అణిచేది) లాంటి డిస్టార్షన్‌లో వేస్తే పై, కింది సగాలు ఒకే తీరుగా వంగుతాయి కాబట్టి 3, 5, 7 బేసివే పుడతాయి. రెండు, నాలుగు కావాలంటే అట్లా రావు. వాటిని నేను ఎడిటర్‌లో చేత్తో గీసుకుంటాను. రెండో కడ్డీ ఎంత ఉండాలన్నది బాక్సుల్లో విని, ఫోన్లో విని, మళ్లీ బాక్సుల్లో విని తేల్చుకోవాల్సిందే. ఎక్కువైతే బాక్సుల దగ్గర బేస్ ఉరుము తగ్గి మొద్దుగా గుద్దుకుంటుంది. ఎఫెక్ట్స్ పేజీలోని డిస్టార్షన్ అన్ని స్వరాలూ కలిశాక వస్తుంది, కాబట్టి బేసులాంటి ఒంటి స్వరానికే వాడండి. కార్డ్‌లు (ఒకేసారి నొక్కే రెండు మూడు స్వరాలు) పట్టుకుని దాన్ని తిప్పితే ఏ స్వరానికీ చెందని కొత్త చప్పుళ్లు పుట్టుకొస్తాయి.

కడ్డీల కింద ఇంకో వరుస ఉంటుంది, అది ఫేజ్. దాన్ని కదిలిస్తే పైన తరంగం ఆకారం గుర్తుపట్టలేనంత మారుతుంది, చెవికి మాత్రం దాదాపు ఏమీ తెలియదు. అట్లాగని అది అనవసరం కాదు. అదే తరంగాన్ని డిస్టార్షన్‌లోకి పంపితే ఆకారం తేడా గట్టిగానే వినపడుతుంది.

డిజిటల్ సింథ్‌లలో పై స్వరాల దగ్గర వచ్చే ఒక రోగం ఉంది. 44,100 శాంపిల్ రేటులో (సెకనుకు అన్నిసార్లు శబ్దాన్ని కొలవడం) 22,050 హెర్ట్జ్ దాటిన హార్మోనిక్‌కు చోటు లేదు. చోటు లేనిది మాయం కాదు, వెనక్కి మడతపడి కిందికి వస్తుంది. 1760 హెర్ట్జ్ స్వరం తీసుకోండి. పన్నెండో హార్మోనిక్ 21,120, లోపలే ఉంది. పదమూడోది 22,880, అది మడతపడి 21,220 దగ్గర తేలుతుంది. అంత ఎత్తున ఎవరికీ వినపడదులే అనుకోవచ్చు. కానీ ఇరవయ్యోది 35,200, అది వచ్చి పడేది 8,900 దగ్గర. అక్కడ పక్కనే 8,800లో అసలు అయిదో హార్మోనిక్ కూర్చుని ఉంది. రెండూ రాపాడుకుని గాజు మీద గోరు గీసినట్టు ఉంటుంది. చవక కోడ్‌తో రాసిన సాటూత్‌లలో పై స్వరాలు తుప్పు పట్టినట్టు అనిపించేది దీనివల్లే. వైటల్ ఆసిలేటర్ ఏ స్వరానికి ఎన్ని హార్మోనిక్స్ పడతాయో చూసుకుని మిగతావాటిని ముందే కోసేస్తుంది. అందుకే శుభ్రంగా ఉంటుంది. తర్వాత మనం డిస్టార్షన్ వేస్తే అక్కడ కొత్త హార్మోనిక్స్ పుడతాయి కాబట్టి మళ్లీ ఆ గొడవ రావొచ్చు. అడ్వాన్స్‌డ్ పేజీలో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఇంకా ఎక్కువ శాంపిల్ రేటులో లెక్క కట్టడం) 8 రెట్ల దాకా పెంచుకోవచ్చు. పాట కంపోజ్ చేసేటప్పుడు తక్కువలో పెట్టి, ఫైనల్‌గా బౌన్స్ చేసేటప్పుడు (ఆడియో ఫైలుగా తీసేటప్పుడు) పెంచడం నా అలవాటు.

శృతి విషయంలో ఇది నన్ను ఆశ్చర్యపరిచింది. తంబూర శ్రద్ధగా వింటే సా, పా మాత్రమే మీటుతున్నా గాంధారం వినపడుతుందని పాడేవాళ్లంతా చెప్తారు. అది అయిదో హార్మోనిక్. బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే నూలు దారం చేసే పని ఈ పై హార్మోనిక్స్‌ను లేపడమే. కీబోర్డు గాంధారం దానికంటే సుమారు 14 సెంట్లు ఎక్కువ (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు). అందుకే తంబూర శృతి మీద కీబోర్డు గాంధారం ఆపితే కాస్త పుల్లగా తగులుతుంది. వైటల్‌లో స్కాలా ట్యూనింగ్ ఫైళ్లు (ఏ స్వరం ఎంత ఎత్తులో ఉండాలో రాసి ఉండేవి) వేసుకోవచ్చు. గాంధారాన్ని అయిదో హార్మోనిక్‌కు సరిపోయేట్టు దించిన ఫైలు ఒకటి పెట్టుకున్నాను. శృతి కోసం కడ్డీలతో చేసుకున్న ప్యాచ్, దాని మీద ఈ ట్యూనింగ్‌లో క్లారినెట్. బతుకమ్మ పాట పాడే అక్క ఒకామె హెడ్‌ఫోన్లో విని, "ఇయ్యాల శృతి మంచిగ కుదిరింది తమ్మీ" అంది. ఏం మార్చానో నేనూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

డప్పు మాత్రం దీనితో కుదరదు, కుదుర్చుకోవాలని చూడొద్దు. చర్మం పలికించే స్వరాలు ఒకటి, రెండు, మూడు అని పూర్ణ సంఖ్యల్లో రావు. మృదంగం, తబలాల్లో మధ్యన పెట్టే నల్లటి కరణి వల్ల అవి హార్మోనిక్స్‌కు దగ్గరగా వస్తాయని సి.వి. రామన్ 1920లోనే నేచర్ పత్రికలో రాశారు. డప్పుకు కరణి లేదు, మంట దగ్గర కాచడం ఉంది. దానికి మంచి మైకు పెట్టి రికార్డు చేసుకోవడమే దారి. గుడి గంటకు, తాళాలకు మాత్రం స్పెక్ట్రల్ వార్ప్‌లో ఇన్‌హార్మోనిక్ స్ట్రెచ్ అనేది ఉంది. అది కడ్డీల మధ్య దూరాలను సాగదీస్తుంది. మామూలు తరంగం నిమిషంలో లోహం అవుతుంది. భద్రకాళి గుడి గంట అని చెప్పను గానీ, పాట మొదట్లో ఒకసారి మోగించడానికి పనికొస్తుంది.

మాటను టైపు చేస్తే దాన్ని వేవ్‌టేబుల్‌గా మార్చే సదుపాయం కూడా ఉంది, ఉచిత వెర్షన్‌లో దానికి పరిమితి ఉంది. సరదాకు బాగుంటుంది.

కంప్యూటర్ సంగతి చెప్పాలి. స్క్రీన్ మీద తరంగాలన్నీ కదులుతూ కనిపించడం దీని అందం. ఆ కదలికకు గ్రాఫిక్స్ కావాలి. నాది పాత ఐ3 ల్యాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. నాలుగు ట్రాకుల్లో వైటల్ పెట్టి, ఒక్కోదానిలో యూనిజన్ (ఒకే స్వరాన్ని కాస్త తేడాలతో ఎన్నో కాపీలుగా పలికించడం) పెంచి, ఓవర్‌శాంప్లింగ్ కూడా పెంచితే అది రొప్పుతుంది. యూనిజన్ 16 దాకా ఇచ్చారు కదా అని మొత్తం పెంచేస్తే ఏ ల్యాప్‌టాప్ అయినా అంతే. ఒక సౌండు కుదిరాక దాన్ని ఆడియోగా మార్చేసి ప్లగిన్ ఆపేయడం మంచిది. ఫైనల్ కోసం రాత్రి చానెల్‌వాళ్లు పక్కనే కూర్చుని ఉంటే ఆ టెన్షన్ ఎందుకు?

ఉచితంగానే దొరికే సర్జ్ ఎక్స్‌టీ కూడా నా దగ్గర ఉంది. అది కూడా గట్టి సింథ్, 2018లో దాని కోడ్ బయటికి వచ్చాక చాలామంది చెయ్యి వేసి పెంచారు. ఆసిలేటర్ రకాలు ఎక్కువ, సాటూత్, పల్స్ లాంటి పాత ఆకారాలతో పని చేయడానికి చాలా బాగుంటుంది. కానీ ఒక్కో హార్మోనిక్‌ను వేలితో పట్టుకున్నట్టు లేపి దించాలంటే నేను వైటల్‌కే వస్తాను. రెండూ ఉచితమే కాబట్టి కొట్లాట అవసరం లేదు.

డబ్బు కట్టాలా? మన పాటల పనికి బేసిక్ చాలు. ప్రోలో వచ్చే వేవ్‌టేబుళ్లతో క్లారినెట్ రాదు, మీరు గీస్తేనే వస్తుంది. డీజే రీమిక్సులు చేసేవాళ్లకైతే ఆ ప్రీసెట్లు పనికొస్తాయి, 80 డాలర్లకు తగ్గ సరుకే. మాడ్ వీల్ లేని చిన్న కీబోర్డు ఉన్నవాళ్లు మాత్రం ముందు ఆ డబ్బుతో వీల్ ఉన్నది ఒకటి తెచ్చుకోండి. నోట్ పట్టుకుని ఉండగా గొంతు తెరిచి మూసే సాధనం చేతికింద లేకపోతే, పైన చెప్పిన రెండు కీఫ్రేముల క్లారినెట్ కూడా కీబోర్డు సన్నాయిలాగే గడ్డకట్టి కూర్చుంటుంది.